లో-కార్బ్ డైట్ ఆపాక ఒంటికి నీరు పడితే: వాపు తగ్గించుకునే వరుస

"డైట్ ఆపి నాలుగు రోజులే అయింది. మూడు కిలోలు పెరిగాను. పొద్దున ముఖం ఉబ్బుతోంది, సాయంత్రానికి చెప్పులు పట్టడం లేదు." నల్లగొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్, వనపర్తి పాఠకులు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్న ఇదే. అన్నం, రొట్టె పూర్తిగా మానేసి వారాలో నెలలో గడిపినవారు మామూలు తిండికి తిరిగి వచ్చేటప్పుడు ఏ పని ముందు, ఏది తర్వాత అన్నది ఇక్కడ రాస్తున్నాను. డైట్ మంచిదా చెడ్డదా అన్న వాదన జోలికి పోవడం లేదు.

ఇంకా డైట్ ఆపనివారు వరుసగా చదవండి. ఇప్పటికే ఆపేసి ఉబ్బినవారు ఒకటో భాగం చదివి నేరుగా ఏడుకు వెళ్లవచ్చు. ఒకటో భాగాన్ని మాత్రం ఎవరూ దాటేయవద్దు.

## 1. ముందుగా: ఈ వాపులకు ఇంటి వైద్యం పనికిరాదు

డైట్ ఆపాక వచ్చే మామూలు వాపు రెండు కాళ్లలోనూ దాదాపు సమానంగా ఉంటుంది. నొప్పి ఉండదు. రాత్రి పడుకుని లేచేసరికి కాళ్లలో తగ్గుతుంది, సాయంత్రానికి మళ్లీ దిగుతుంది. ఊపిరికి ఏ ఇబ్బందీ ఉండదు.

కింది వాటిలో ఒక్కటి కనిపించినా డైట్ వల్లే అనుకుని కూర్చోకండి.

- ఒక కాలే ఉబ్బడం, పిక్క నొప్పి, ఎరుపు, వేడి. రక్తం గడ్డకట్టి ఉండవచ్చు. అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. ఆ కాలిని మర్దన చేయకూడదు.
- ఆయాసం, ఛాతీ నొప్పి, వెల్లకిలా పడుకుంటే ఊపిరాడకపోవడం. 108కి ఫోన్ చేయండి.
- పెదవులు, నాలుక, గొంతు ఉబ్బడం. ఇది నీరు కాదు, అలర్జీ కావచ్చు. 108.
- గుండె దడ, తికమకగా మాట్లాడటం, ఒళ్లంతా నీరసించి లేవలేకపోవడం.
- కళ్ల చుట్టూ వాపుతో పాటు మూత్రంలో తగ్గని నురగ, మూత్రం బాగా తగ్గిపోవడం.
- కళ్లు పచ్చబడటం, పొట్ట ఉబ్బుతూ పోవడం.
- గర్భిణులకు ముఖం, చేతులు ఉబ్బడం, తలనొప్పి, చూపు మసకబారడం.

గుండె, కిడ్నీ, కాలేయ జబ్బులు ముందే ఉన్నవారు ఈ మార్గదర్శిని సొంతంగా అమలు చేయకూడదు. మీ డాక్టరుకు చూపించి, ఆయన చెప్పిన మార్పులతోనే చేయాలి.

ఇంకొక వర్గం ఉంది. ఐదారు రోజులకు మించి దాదాపు ఏమీ తినకుండా ద్రవాలతోనే గడిపినవారు, మూడు నుంచి ఆరు నెలల్లో ఒంటి బరువులో పదో వంతుకు మించి తగ్గినవారు, ముందే బాగా సన్నగా ఉన్నవారు. వీరు ఒక్కసారిగా పిండిపదార్థాలు తింటే రక్తంలో ఫాస్ఫేట్, పొటాషియం, మెగ్నీషియం ఉన్నట్టుండి పడిపోయే ప్రమాదం ఉంది. బి1 విటమిన్ కూడా చాలదు. దీనివల్ల ప్రాణం మీదికి రావచ్చు. అందుకే మొదటి ముద్ద తినడానికి ముందే రక్తపరీక్ష, డాక్టరు సలహా కావాలి.

## 2. ఆ నీరు ఎక్కడిది

కారణం తెలిస్తేనే కింది వరుస అర్థమవుతుంది. అందుకని క్లుప్తంగా.

మొదటిది నిల్వ. శరీరం పిండిపదార్థాన్ని గ్లైకోజెన్‌గా మార్చి కాలేయంలో దాదాపు 100 గ్రాములు, కండరాల్లో దాదాపు 400 గ్రాములు దాచుకుంటుంది. ఒక్కో గ్రాము తనతో పాటు దాదాపు 3 గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది. డైట్ మొదలుపెట్టిన వారంలోనే బరువు టకటకా పడిపోయింది కదా, అప్పుడు ఖాళీ అయింది ఈ నిల్వే. అన్నం తినగానే అది మళ్లీ నిండుతుంది. కిలోన్నర నుంచి రెండు కిలోల వరకు బరువు ఇలాగే తిరిగొస్తుంది. ఇది వాపు కాదు, ఉండాల్సిన చోట ఉన్న నీరు. దీన్ని పోగొట్టే ప్రయత్నమే చేయకూడదు.

రెండోది ఉప్పు. పిండిపదార్థాలు తగ్గితే ఇన్సులిన్ తగ్గుతుంది. అప్పుడు కిడ్నీలు సోడియంను ఎక్కువగా బయటికి పంపిస్తాయి. అందుకే డైట్‌లో ఉన్నప్పుడు కళ్లు తిరగకుండా ఉప్పు వేసిన నిమ్మరసం, పాయా సూప్, ఎలక్ట్రోలైట్ పొడి తాగుతారు. ఉప్పును కాపాడుకోవడానికి శరీరం ఆల్డోస్టెరాన్ అనే హార్మోన్‌ను కూడా పెంచుకుంటుంది.

డైట్ ఆపగానే ఇన్సులిన్ పెరిగి, కిడ్నీలు ఉప్పును పట్టి ఉంచడం మొదలుపెడతాయి. ఆల్డోస్టెరాన్ సర్దుకోవడానికి కొన్ని రోజులు పడుతుంది. ఈలోగా అలవాటుగా తాగే ఉప్పు సూపులు మాత్రం ఆగవు. ఉప్పు వెంట నీరు నిలుస్తుంది, పాదాల్లోకి దిగుతుంది. అసలు వాపు ఇదే, మనం సరిచేయగలిగిందీ దీన్నే.

కొవ్వేనేమో అన్న భయం ఉన్నవారికి ఒక లెక్క. కిలో కొవ్వు చేరాలంటే దాదాపు 7,700 కేలరీలు మిగలాలి. మూడు కిలోలకు 23,000 పైచిలుకు. వండిన అన్నం 100 గ్రాములకు 130 కేలరీల చొప్పున వేస్తే, మామూలు తిండికి అదనంగా దాదాపు 18 కిలోల అన్నం. నాలుగు రోజుల్లో అంత తినడం ఎవరి తరమూ కాదు.

## 3. ఆపే ముందు వారం: కొలతలు, మందులు

చాలామంది ఈ మెట్టు దాటేసి, వాపు వచ్చాక "ముందు ఎంత ఉండేదో గుర్తులేదు" అంటారు. ఒక చిన్న నోటుబుక్కు తీసుకోండి. మూడు కొలతలు చాలు.

బరువు. పొద్దున లేచి, మూత్రానికి వెళ్లొచ్చి, ఏమీ తినక ముందు, ఒకే యంత్రం మీద. యంత్రాన్ని బండ మీదే పెట్టండి, చాప మీద పెడితే అంకె మారుతుంది.

చీలమండ చుట్టుకొలత. దర్జీ వాడే టేపుతో చీలమండ ఎముకకు నాలుగు వేళ్ల పైన కొలవండి. ఆ చోట పెన్నుతో చిన్న గీత పెట్టుకోండి, రోజూ అక్కడే కొలవాలి. సాయంత్రం ఆరింటికి కొలిస్తే అసలు వాపు తెలుస్తుంది.

వేలి నొక్కుడు. మోకాలి కింద, చీలమండకు కాస్త పైన ముందువైపు ఎముక మీద బొటనవేలితో పది సెకన్లు నొక్కి తీయండి. చర్మం వెంటనే సర్దుకుంటే నీరు లేనట్టే. గుంట పడి, అది నింపుకోవడానికి కొన్ని సెకన్లు పడితే నీరు ఉన్నట్టు. ఆడవారికి వెండి పట్టీల ముద్ర, మగవారికి సాక్సు పట్టీ ముద్ర రాత్రి పడుకునే వేళకు కూడా చెరిగిపోకపోతే అదీ ఒక గుర్తే.

ఇక మందులు. మీరు వాడేవన్నీ ఒక కాగితం మీద రాయండి. వాటిలో కొన్ని తమంతట తామే వాపు తెస్తాయి: బీపీకి వాడే ఆమ్లోడిపిన్, షుగరుకు వాడే పయోగ్లిటజోన్, నొప్పులకు వాడే డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్, నరాల నొప్పులకు ఇచ్చే ప్రిగాబలిన్, స్టెరాయిడ్లు. ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగిన మర్రిగూడ, మునుగోడు వైపు పెద్దవారిలో మోకాళ్లు, నడుము నొప్పులు సర్వసాధారణం. మందుల షాపులో అడిగి తెచ్చుకున్న నొప్పి మాత్ర రోజూ మింగుతూ, వాపు నింద మాత్రం అన్నం మీద వేయడం నేను చాలాసార్లు చూశాను. మాత్ర అపరాధి అని అనుమానం వచ్చినా బీపీ, షుగరు మందుల్ని సొంతంగా ఆపవద్దు, డాక్టరును అడిగి మార్పించుకోండి.

షుగరు, బీపీ ఉన్నవారికి ఈ వారం తప్పనిసరి పని ఇంకొకటి ఉంది. డైట్‌లో ఉండగా మందుల మోతాదు తగ్గించి ఉంటారు. తిండి మారితే అది చాలకపోవచ్చు. పాత మోతాదును మీకు మీరే మళ్లీ మొదలుపెట్టకుండా, ఏ తేదీ నుంచి తిండి మారుస్తున్నారో డాక్టరుకు ముందే చెప్పండి.

డైట్ ఆపే తేదీని పెళ్లికో, దసరాకో ముడిపెట్టవద్దు. దావత్‌లో బగారా అన్నం, మటన్ పులుసు, మీద ఒక కూల్‌డ్రింక్, ఆఖరున డబుల్ కా మీఠాతో డైట్ విరమిస్తే పిండి, ఉప్పు, చక్కెర మూడూ ఒకే పూట దాడి చేస్తాయి. ఆడవారు నెలసరికి ముందు వారాన్ని కూడా తప్పిస్తే మేలు. ఆ రోజుల్లో ఒంటికి నీరు పట్టడం మామూలే కాబట్టి ఏ వాపు దేనివల్లో తేల్చుకోలేరు. మే నెలలో నల్లగొండ ఎండలకు డైట్ లేకున్నా పాదాలు పొంగుతాయి, వీలుంటే ఆ నెలనూ వదిలేయండి.

## 4. మొదటి పని ఉప్పు

రొట్టె తుంచడానికి ఒక రోజు ముందే ఉప్పు సర్దాలి. అందరూ దీన్ని తలకిందులుగా చేస్తారు: ముందు అన్నం మొదలుపెట్టి, వాపు వచ్చాక ఉప్పు గురించి ఆలోచిస్తారు.

డైట్ కోసమని విడిగా తీసుకున్న ఉప్పు మొత్తం ఈ రోజుతో ఆగాలి. ఇంట్లో తిరిగి చూసుకోండి:

- ఎలక్ట్రోలైట్ పొడి, ఓఆర్ఎస్ ప్యాకెట్లు (విరేచనాలు ఉంటే తప్ప)
- ఉప్పు వేసిన నిమ్మకాయ నీళ్లు
- రోజూ కాచే పాయా, ఎముకల సూప్
- ఉప్పు వేయించిన పల్లీలు, ఉప్పు వెన్న, చీజ్
- కడుపు ఉబ్బరానికి వేసుకునే సోడా పొడులు, వాటిలోనూ సోడియమే

వంటలో మామూలుగా వేసే ఉప్పు అలాగే ఉండనివ్వండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు చెప్పే పరిమితి రోజుకు 5 గ్రాముల లోపు, అంటే చిన్న చెంచాకు కాస్త తక్కువ. కూర, పప్పు, మజ్జిగ, పచ్చడి అన్నిటికీ కలిపి అంత. ఇంట్లో నలుగురుంటే రోజుకు సరిపడా ఉప్పును పొద్దున్నే ఒక గిన్నెలోకి కొలిచి పెట్టి, ఆ గిన్నెలోంచే వాడండి. సాయంత్రానికి గిన్నె ఖాళీ అయిపోతే అలవాటు ఎక్కడుందో అర్థమవుతుంది.

ఈ రెండు వారాలు పక్కన పెట్టాల్సినవి: ఆవకాయ, ఊరమిరపకాయలు, అప్పడాలు, వడియాలు, మిక్చర్, మిర్చి బజ్జీ, నూడుల్స్ మసాలా, బేకరీ పఫ్‌లు. పచ్చడి లేనిదే ముద్ద దిగదంటే అప్పటికప్పుడు నూరుకున్న టమాటా పచ్చడి, పుంటికూర పచ్చడి తినండి. పులుపు, కారం బాగా పట్టిస్తే ఉప్పు తగ్గినట్టు నాలుకకు తెలియదు. పచ్చిపులుసు ఇందుకు చక్కగా పనికొస్తుంది, చింతపండు, ఉల్లిపాయ, కాల్చిన మిరపకాయతో సగం ఉప్పుకే రుచి వచ్చేస్తుంది.

సైంధవ లవణం మంచిదట కదా అని అడుగుతారు. అందులోనూ దాదాపు అంతా సోడియం క్లోరైడే. రంగు మారితే వాపు తగ్గదు. సోడియం తక్కువని అమ్మే ఉప్పుల్లో పొటాషియం కలుపుతారు. కిడ్నీ జబ్బు ఉన్నవారికి, టెల్మిసార్టన్, లోసార్టన్, రామిప్రిల్, స్పైరోనోలాక్టోన్ వంటి మందులు వాడేవారికి అవి ప్రమాదం.

ఉప్పును సున్నాకు దించడం కూడా తప్పే. కళ్లు తిరుగుతాయి, శరీరం ఉప్పును ఇంకా గట్టిగా పట్టుకుంటుంది.

## 5. పిండిపదార్థాలు చేర్చే వరుస

ఒక్కసారిగా కాదు, రెండు వారాల్లో మెట్లు మెట్లుగా. ప్రతి మెట్టులో రోజుకు 25 నుంచి 30 గ్రాముల పిండిపదార్థం కలపడం సగటు మనిషికి సరిపోయే వేగం. లెక్క గుర్తుంచుకోవడం తేలిక: జొన్న, బియ్యం, రాగి, సజ్జ ఏదైనా 100 గ్రాముల పొడి ధాన్యంలో 65 నుంచి 78 గ్రాములు పిండిపదార్థమే. అంటే 40 గ్రాముల పిండితో చేసిన ఒక జొన్నరొట్టె 28 గ్రాములకు దగ్గర. వండిన అన్నం 100 గ్రాములు కూడా అంతే.

1 నుంచి 3 రోజులు: ధాన్యం వద్దు. మధ్యాహ్నం ఒక చిన్న గిన్నెడు కందిపప్పు, కూరగా క్యారెట్ లేదా బీట్‌రూట్, సాయంత్రం ఒక బత్తాయి. బత్తాయిని రసం తీయకుండా తొనలు తినండి. రసమైతే మూడు నాలుగు కాయలు ఒక గ్లాసులో తెలియకుండానే వెళ్లిపోతాయి.

4 నుంచి 6 రోజులు: ఒక జొన్నరొట్టె. మొదటి ధాన్యంగా జొన్నరొట్టెనే చెబుతాను, దానికి కారణం ఉంది. వేడినీళ్లతో పిండి తడిపి కొట్టే రొట్టెలో చాలా ఇళ్లలో ఉప్పే వేయరు. నూనె కూడా అక్కర్లేదు. అదే తపాలచెక్క అయితే ఉప్పు, నూనె, శనగపప్పు, పల్లీలు అన్నీ కలిసి ఉంటాయి, దాన్ని రెండో వారం చివరికి ఉంచుకోండి. రొట్టెను మధ్యాహ్నం తినండి. ముందు కూర, పప్పు సగం తిని ఆ తర్వాత రొట్టె మొదలుపెడితే షుగరు నెమ్మదిగా పెరుగుతుంది.

పిండి ఎంత తీసుకుంటున్నారో ఒక్కసారైనా తూకం వేయండి. పాలమూరు ఇళ్లలో కొట్టే పెద్ద రొట్టె ఒక్కటే 80 గ్రాముల పిండి దాటవచ్చు. "ఒక రొట్టే తిన్నాను" అనేవారి రొట్టెలు తూస్తే రెండుగా తేలిన సందర్భాలున్నాయి.

7 నుంచి 9 రోజులు: రెండో పూట. రాత్రికి ఇంకో చిన్న రొట్టె, లేదా ఒక చిన్న గిన్నెడు అన్నం మజ్జిగతో. మధ్యాహ్నపుదీ రాత్రిదీ ఒకే పూట తినకుండా విడదీయడమే ఇక్కడ కీలకం. మొత్తం పిండిపదార్థం ఒకే భోజనంలో పడితే ఇన్సులిన్ ఒకేసారి ఎగబాకుతుంది.

10 నుంచి 12 రోజులు: పొద్దుటి పూట. రెండు ఇడ్లీలు లేదా చిన్న గిన్నెడు జొన్న గట్క. సీతాఫలాల కాలమైతే ఒక చిన్న కాయ ఇప్పుడు తినవచ్చు. ఆ గుజ్జులో చక్కెర బాగా ఎక్కువ, అందుకే ఇన్నాళ్లూ పక్కన పెట్టమన్నాను.

13, 14 రోజులు: కొత్తగా ఏమీ చేర్చకండి. ఇదే తిండి మీద బరువు నిలబడుతోందో లేదో చూడండి. తర్వాత ఎంత తినాలన్నది మీ పని, మీ షుగరు బట్టి నిర్ణయించుకోవాల్సిన విషయం.

మెట్టు ఎప్పుడు ఎక్కాలి, ఎప్పుడు ఆగాలి? నా లెక్క ఇది. సాయంత్రం చీలమండ కొలత మొదటి రోజు కంటే ఒక సెంటీమీటరుకు మించి పెరిగినా, ఒక్క రోజులో కిలో దాటి బరువు పెరిగినా, ఉన్న మెట్టు మీదే ఇంకో రెండు మూడు రోజులు ఉండండి. కిందికి దిగకండి. డైట్‌లోకి తిరిగి వెళ్లకండి. నిన్న తిన్న ఉప్పు గుర్తు చేసుకోండి, పదిసార్లలో ఎనిమిదిసార్లు జవాబు అక్కడే దొరుకుతుంది.

పిండి పెంచేకొద్దీ నూనె, నెయ్యి తగ్గాలి. డైట్‌లో అలవాటుగా పొద్దున తాగే కొబ్బరినూనెను అలాగే కొనసాగిస్తూ పక్కన అన్నం పెంచితే కొన్ని వారాల్లో చేరేది నీరు కాదు, నిజమైన కొవ్వే.

షుగరు లేనివారికి కూడా మొదటి రోజుల్లో తిన్నాక షుగరు కాస్త ఎక్కువ చూపవచ్చు. శరీరం పిండిపదార్థాన్ని వాడుకునే అలవాటు తప్పి ఉంటుంది. గ్లూకోజ్ తాగించి చేసే పరీక్షకు ముందు మూడు రోజులు రోజుకు కనీసం 150 గ్రాముల పిండిపదార్థం తినాలనే నియమం ఇందుకే. ఆ పరీక్ష చేయించుకోవాలంటే రెండు వారాలు గడవనివ్వండి. షుగరు ఉన్నవారు మాత్రం పరగడుపున, తిన్న రెండు గంటలకు చూసుకుంటూనే ఉండాలి.

## 6. నీళ్లు, పొటాషియం, మాంసకృత్తులు

వాపు ఉంది కదా అని నీళ్లు మానేయకండి. ఆరోగ్యవంతులు దాహాన్ని బట్టి తాగితే చాలు, మూత్రం లేత పసుపులో ఉండాలి. డైట్‌లో అలవాటైన నాలుగైదు లీటర్ల లక్ష్యం మాత్రం ఇక అవసరం లేదు.

పొటాషియం ఉన్న తిండి సోడియంను బయటికి పంపడానికి సాయపడుతుంది. పాలకూర, తోటకూర, కందిపప్పు, టమాటా, అరటిపండు, కొబ్బరినీళ్లు. కిడ్నీ జబ్బు ఉన్నవారు, నాలుగో భాగంలో చెప్పిన మందులు వాడేవారు వీటిని పెంచే ముందు డాక్టరును అడగాలి. మాత్రల రూపంలో పొటాషియం ఎవరూ సొంతంగా వేసుకోవద్దు.

మాంసకృత్తులు తగ్గనివ్వకండి. అన్నం రాగానే గుడ్లు, చికెన్ పక్కకుపోయి, పళ్లెంలో అన్నం, చారు మాత్రమే మిగలడం చాలా ఇళ్లలో జరుగుతుంది. గుడ్డు, పప్పు, పెరుగు, చేప ఏదో ఒకటి ప్రతి పూటా ఉండాలి.

పిండిపదార్థాన్ని శక్తిగా మార్చడానికి బి1 విటమిన్ కావాలి. తెల్లగా పాలిష్ పట్టిన బియ్యంలో అది తక్కువ. పల్లీల్లో బాగా ఉంటుంది. గద్వాల, వనపర్తి వారికి పల్లీలు ఎక్కడినుంచో తెచ్చుకోనక్కరలేదు కదా: ఒక గుప్పెడు ఉడికించి, ఉప్పు లేకుండా.

## 7. ఒక్కసారిగా ఆపేసి ఇప్పటికే ఉబ్బినవారు

కంగారుపడి మళ్లీ అన్నం మానేస్తే రెండు రోజుల్లో వాపు దిగుతుంది, నిజమే. కానీ తిరిగి తిన్న రోజు అదే కథ మొదలవుతుంది. ఈ ఊయలలో నెలల తరబడి ఊగేవారు ఉన్నారు. దిగే మార్గం ఇదీ.

మొదటి రోజు: ఒకటో భాగంలోని ప్రమాద సూచనలు మళ్లీ చూసుకోండి. బరువు, చీలమండ కొలత రాయండి. నాలుగో భాగంలో చెప్పిన అదనపు ఉప్పు అంతా ఆపండి.

రెండో రోజు నుంచి: చక్కెర, మైదా, బేకరీ సరుకు, కూల్‌డ్రింకులు పూర్తిగా ఆపి, ధాన్యం రోజుకు రెండు చిన్న రొట్టెలు లేదా అంతకు సమానమైన అన్నం దగ్గర నిలపండి. సున్నాకు దించవద్దు. మూడు నాలుగు రోజులు అక్కడే ఉండండి. సాయంత్రపు కొలత తగ్గడం మొదలయ్యాక ఐదో భాగంలోని ఏడో రోజు మెట్టు నుంచి కొనసాగించండి.

చాలామందిలో నాలుగైదు రోజులకు వాపు తగ్గుముఖం పడుతుంది, వారం నుంచి రెండు వారాల్లో సర్దుకుంటుంది. బరువు మాత్రం డైట్ చివరి రోజు అంకెకు దిగదు. గ్లైకోజెన్ వెంట వచ్చిన రెండు కిలోలు ఉండిపోతాయి. వాటిని కలిపిన బరువే మీ అసలు బరువని లెక్కవేసుకోండి.

## 8. కాళ్లు, ఉంగరాలు

రోజుకు మూడు నాలుగుసార్లు, ఇరవై నిమిషాల చొప్పున, గుండె కంటే ఎత్తులో కాళ్లు పెట్టి పడుకోండి. కుర్చీలో కూర్చుని ముందు స్టూలు వేసుకుంటే ఆ ఎత్తు రాదు. గోడకు ఆనించి లేదా రెండు దిండ్ల మీద పెట్టాలి.

దుకాణంలో, వంటింట్లో గంటల తరబడి నిలబడేవారు అరగంటకోసారి మునివేళ్ల మీద లేచి దిగడం ఇరవైసార్లు చేయండి. పిక్క కండరం పిండినప్పుడల్లా నీరు పైకి వెళ్తుంది. నల్లగొండ నుంచో పాలమూరు నుంచో రోజూ హైదరాబాద్‌కు బస్సులో వెళ్లొచ్చేవారు సీట్లోనే పాదాలను పైకి కిందికి ఆడిస్తూ ఉండాలి. బిగుతు సాక్సులు, కట్టుపట్టీలు డాక్టరు చెబితేనే. షుగరు వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవారికి అవి పుండ్లు తెస్తాయి.

ఉంగరం, మెట్టె బిగుస్తున్నట్టు అనిపించిన రోజే తీసేయండి. ఇరుక్కుంటే చేతిని ఐదు నిమిషాలు తలకంటే పైకి ఎత్తి ఉంచి, చల్లనీళ్లలో ముంచి, సబ్బు రాసి తిప్పుతూ లాగండి. అప్పటికీ రాకపోతే సన్నని గట్టి దారం కొసను ఉంగరం కిందినుంచి అరచేతి వైపు దూర్చండి. మిగతా దారాన్ని ఉంగరం అంచు నుంచి వేలి కణుపు దాటేదాకా సందులేకుండా చుట్టండి. ఇప్పుడు అరచేతి వైపు కొసను పట్టుకుని మెల్లగా విప్పుతూ పోతే ఉంగరం కణుపు మీదుగా జరుగుతుంది. వేలు నీలంగా మారినా, మొద్దుబారినా ప్రయోగాలు చాలు, ఆసుపత్రిలో కోయించుకోండి.

## 9. తరచూ జరిగే పొరపాట్లు

నీరు పోయే మాత్ర మింగడం. పక్కింటి బీపీ పేషెంటు దగ్గర దొరికే ఫ్యూరోసెమైడ్ వాపును ఒక్క రోజులో దించుతుంది. దాంతో పాటు పొటాషియంనూ లాగేస్తుంది. డైట్ ఆపిన రోజుల్లో పొటాషియం ముందే ఊగిసలాడుతుంటుంది, గుండె లయ తప్పవచ్చు. మాత్ర ఆపగానే నీరు మళ్లీ చేరుతుంది కూడా. ఈ ఒక్క విషయంలో నాకు సర్దుబాటు లేదు: డాక్టరు రాయకుండా వద్దు.

రోజుకు నాలుగుసార్లు బరువు చూడటం. తిన్నది, తాగినదే కిలో ఉంటుంది. పొద్దున ఒక్కసారి చూసి, మూడు రోజుల సగటు లెక్క వేయండి.

మెంతి నీళ్లు, జీలకర్ర నీళ్లు, బార్లీ నీళ్లు. ఉప్పు వేయకుండా తాగితే నష్టం లేదు. వాటి మీద నమ్మకంతో ఊరమిరపకాయలు మానకపోవడమే నష్టం.

డైట్‌తో పాటు నడక కూడా ఆపేయడం. నిండిన గ్లైకోజెన్ ఖర్చయ్యేది కండరాల పనిలోనే. భోజనం తర్వాత పావుగంట నడవండి.

వాపు ఉంటే కిడ్నీ పోయినట్టే అనుకోవడం, లేదా దానికి పూర్తి విరుద్ధంగా నెలల తరబడి పట్టించుకోకపోవడం. రెండోది మొదటిదానికంటే ప్రమాదం.

## 10. రెండు వారాలు దాటినా తగ్గకపోతే

ఉప్పు సర్దారు, మెట్లు పాటించారు, అయినా గుంట పడుతూనే ఉంది. అప్పుడు కారణం డైట్ కాకపోవచ్చు. ఇంటికి దగ్గర్లోని ప్రభుత్వ ఆసుపత్రిలో చూపించుకోండి. తెలంగాణ డయాగ్నోస్టిక్స్ ద్వారా చాలా రక్తపరీక్షలు ఉచితంగా జరుగుతాయి. సాధారణంగా రాసేవి:

- మూత్రంలో ప్రోటీన్
- క్రియాటినిన్, సోడియం, పొటాషియం
- కాలేయ పరీక్షలు, అందులో ఆల్బుమిన్
- థైరాయిడ్ టీఎస్‌హెచ్
- హిమోగ్లోబిన్
- షుగరు, బీపీ, అవసరమైతే ఈసీజీ

ఒక కాలే నెలల తరబడి ఉబ్బి ఉంటే, నొక్కినా గుంట పడకుండా చర్మం గట్టిపడుతుంటే, మధ్య మధ్య చలిజ్వరం, గజ్జల్లో బిళ్లలు వస్తుంటే బోదకాలు గురించి అడగండి. నల్లగొండ వైపు ఆ జబ్బు ఉన్నదే. దాని క్రిములు రక్తంలో రాత్రిపూటే ఎక్కువగా తిరుగుతాయి కాబట్టి రక్తపు పూత పరీక్షకు రాత్రి రమ్మంటారు, ఆశ్చర్యపోవద్దు.

వెళ్లేటప్పుడు నోటుబుక్కు, మందుల కాగితం తీసుకెళ్లండి. డైట్ ఏ తేదీన మొదలైంది, ఏ తేదీన ఆగింది, ఎన్ని కిలోలు తగ్గారు, అందులో ఉపవాసం ఎన్ని రోజులు, ఏ పొడులు, విటమిన్ మాత్రలు వాడారు అన్నవి దాచకుండా చెప్పండి. తిడతారేమోనన్న జంకుతో డైట్ సంగతే ఎత్తకపోతే డాక్టరు అక్కర్లేని పరీక్షలతో మొదలుపెట్టాల్సి వస్తుంది.